దొరకని సీటులో దేవుని పాఠం ఉందా?

ప్రశ్న: అయ్యగారికి వందనములు. మాది ఖమ్మం. సికింద్రాబాద్‌లో ఒక కార్యాలయంలో ఉద్యోగం చేస్తున్నాను. సోమవారం తెల్లవారుజామున రైలెక్కి వెళ్లి, వారమంతా హాస్టలులో ఉండి, శుక్రవారం రాత్రికి ఇల్లు చేరుతాను. ఏడేళ్ల బాబును మా వారు, అత్తగారు చూసుకుంటారు. శనివారం మా సంఘంలో స్త్రీల కూడిక జరుగుతుంది. అక్కడ ‘ఈ వారం ప్రయాణంలో ప్రభువు నీకేం నేర్పించాడమ్మా’ అని తప్పకుండా అడుగుతారు. అందుకోసం రెండేళ్లుగా ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. రైలు ఆలస్యమైనా, సీటు దొరికినా, ఇంట్లో ఇడ్లీ పిండి పొంగినా ప్రతిదానికీ ఒక పాఠం రాసుకుంటూ వచ్చాను. మొన్న వర్షాకాలంలో ఒక శుక్రవారం సాయంత్రం రైలు తప్పిపోయింది. బస్‌స్టాండుకు వెళ్తే ఖమ్మం బస్సులో సీటు దొరకలేదు. హాస్టలుకు తిరిగి వెళ్లి మర్నాడు ఉదయం బయలుదేరాను. ఆ రాత్రి ఆ బస్సు బోల్తా పడి కొందరు చనిపోయారు. ‘నన్ను కాపాడటానికే దేవుడు సీటు లేకుండా చేశాడు’ అని కూడికలో సాక్ష్యం చెప్పాను, అందరూ స్తోత్రం అన్నారు. దాన్ని ఎవరో రికార్డు చేసి వాట్సాప్‌లో పెట్టారు. సోమవారం ఆఫీసుకు వెళ్లాక తెలిసింది, చనిపోయినవారిలో నా పక్క సీటులో పనిచేసే ఆమె తమ్ముడు ఉన్నాడు. ఆ రికార్డింగు ఆమెకూ చేరింది. ‘మా తమ్ముడికి సీటు దొరికేలా చేసింది కూడా ఆయనేనా?’ అని అడిగింది. నేను నోరెత్తలేకపోయాను. అప్పటినుంచి నోటుబుక్కు తెరవలేదు. రోజువారీ సంగతులలో, ప్రయాణాలలో దేవుని పాఠాలు వెతకడం తప్పా? ఏది ఆయన నేర్పినదో, ఏది నా ఊహో ఎలా తెలుస్తుంది? రైలులో ప్రార్థన చేద్దామని కూర్చుంటే నిద్ర వస్తోంది, దానికీ మనసు గుచ్చుకుంటోంది. ఏం చేయమంటారు?

సమాధానం:

ప్రభువునందు ప్రియమైన సోదరికి వందనములు.

మీరు మూడు ప్రశ్నలు అడిగారు గానీ, మీ ఉత్తరంలో అసలు ప్రశ్న మీది కాదు, మీ పక్క సీటులో కూర్చునే ఆమెది. దాన్ని పక్కన పెట్టి నోటుబుక్కు గురించి మాట్లాడితే, రాత్రి ఎవరి ఇంట్లోనో శవం ఉండగా మనం పండుగ వంటల లెక్క వేసుకున్నట్టు ఉంటుంది. కాబట్టి ముందు ఆమె దగ్గరికే వెళ్దాం.

ఆమె అడిగిన దానికి నా దగ్గర జవాబు లేదు. ఉన్నట్టు నటించే వయసు కూడా దాటిపోయింది. అయితే ఇలాంటి వార్త యేసు ప్రభువు దగ్గరికీ వచ్చిందని లూకా సువార్త 13వ అధ్యాయం చెబుతోంది. పిలాతు కొందరు గలిలయులను చంపించిన సంగతి ఆయనకు చెప్పినప్పుడు, ఆయన దానితో ఆగకుండా, తానే ఇంకొక దుర్ఘటనను గుర్తుచేశాడు. ‘సిలోయములోని గోపురము పడి చచ్చిన ఆ పదునెనిమిదిమంది’ యెరూషలేములో కాపురమున్న వారందరికంటె అపరాధులని తలంచుచున్నారా అని అడిగి, కారని తానే చెప్పాడు. ఆ పద్దెనిమిదిమందే ఎందుకు ఆ గోపురం కింద ఉన్నారో ఆయన వివరించలేదు. ఆ పూట ఆ దారిన రాకుండా తప్పించుకున్నవారు దేవునికి ఎక్కువ ప్రియులనీ అనలేదు. వింటున్నవారి వైపు తిరిగి, మారుమనస్సు మాట మీకు సంబంధించినది అన్నాడు. చనిపోయినవారి గురించి వివరణ చెప్పగలిగినవాడు ఒక్కడుంటే ఆయనే, ఆయన కూడా ఆ పని చేయలేదు.

ఇక మీ సాక్ష్యం. మీరు ప్రాణాలతో ఉన్నందుకు దేవునికి కృతజ్ఞత చెప్పడంలో తప్పు లేదు, చెప్పకపోతేనే తప్పు. ‘ప్రభువా, నేను బ్రతికి ఉన్నాను, నా బిడ్డ దగ్గరికి వచ్చాను, నీకు స్తోత్రం’ అని మీరు అని ఉంటే అది ప్రార్థన. మీరు అన్నది వేరు: ‘నన్ను కాపాడటానికే’ అన్నారు. సోదరీ, చిక్కంతా ఆ చివరి ‘కే’లో ఉంది. ఆ ఒక్క అక్షరంతో కృతజ్ఞత కాస్తా వివరణ అయిపోయింది, ఆ వివరణకు ఆ బస్సులో ఉన్నవారందరూ బదులు ఇచ్చుకోవలసి వచ్చింది. కృతజ్ఞత దేవునితో మాట్లాడుతుంది. వివరణ మాత్రం దేవుని తరఫున మాట్లాడుతుంది, ఆ పనికి మనల్ని ఎవరూ నియమించలేదు.

ఆమె ఇంటికి వెళ్లండి. జవాబు తీసుకుని వెళ్లకండి. ‘నేను అలా అనకుండా ఉండవలసింది’ అన్న ఒక్క మాట చాలు, అది కూడా ఆమె వినగలిగే స్థితిలో ఉంటేనే. యోబు స్నేహితులను మనం ఎప్పుడూ తిట్టుకుంటాం గానీ, మొదట వాళ్లు చేసిన పని ఎంత మంచిదో గమనించం. ఏడు రాత్రింబగళ్లు అతనితో నేల మీద కూర్చుని ఒక్క మాటా పలకలేదు. నోరు తెరిచి కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే వాళ్లు దారి తప్పారు. ఆ రికార్డింగు ఎవరు పంచారో కనుక్కుని తీసివేయమనండి. ‘దేవుని మహిమ కోసం పెట్టాం’ అని ఎవరైనా అంటే, ఆ మహిమకు ఒక ఇంట్లో ఎంత ఖరీదు కట్టారో చెప్పండి.

సంఘటనలను చదవడం ఎంత జారుడు నేలో చూపించే చోటు ఒకటి అపొస్తలుల కార్యములలో ఉంది. రెండు వందల డెబ్బది ఆరుగురున్న ఓడ పగిలిపోయి, పౌలూ మిగిలినవారూ ఈదుకుంటూ, పలకలు పట్టుకుంటూ మెలితే ద్వీపం చేరారు. చలికి మంట వేసుకుంటే, పౌలు ఏరి తెచ్చిన పుల్లలలోంచి పాము వచ్చి అతని చేతిని పట్టుకుంది. ద్వీపవాసులు వెంటనే పాఠం తీశారు: ఇతడు నరహంతకుడు, సముద్రంనుంచి తప్పించుకున్నా న్యాయం బ్రదుకనివ్వలేదు. కాసేపు చూశారు. అతడు వాయలేదు, పడి చావలేదు. అప్పుడు అదే సంఘటననుంచి రెండో పాఠం తీశారు: ఇతడొక దేవత. ఒకే పాము, ఒకే చెయ్యి, కొద్దిసేపటి తేడాతో రెండు వ్యాఖ్యానాలు, రెండూ తప్పే. పౌలు మాత్రం వ్యాఖ్యానమేమీ చెప్పినట్టు లూకా రాయలేదు. పామును మంటలోకి విదిలించి, తరువాత అక్కడ జబ్బుగా ఉన్న, ఆ ద్వీపపు ముఖ్యుడైన పొప్లి తండ్రి దగ్గరికి వెళ్లి ప్రార్థన చేశాడు.

నేనూ ఒకప్పుడు మెలితేవాడినే. కొత్తగా వాక్యం చెప్పడం మొదలుపెట్టిన రోజుల్లో, ఒక పల్లెలో కూడికకు వెళ్తుంటే దారిలో స్కూటరు టైరు పంక్చరై గంటన్నర ఆలస్యంగా చేరాను. సాతాను నన్ను ఆపాలని చూశాడని, ప్రభువు జయమిచ్చాడని పెద్ద గొంతుతో మొదలుపెట్టాను. ముందు వరసలో కూర్చున్న ఒక ముసలమ్మ కూడిక అయ్యాక దగ్గరికి వచ్చి, ‘ఆ టైరు మార్చి ఎన్నేళ్లయింది అయ్యా?’ అని అడిగింది. ఐదేళ్లు దాటింది. ఆ రోజు నాకు నిజంగా దొరికిన పాఠం ఆ ప్రశ్నే, నేను ప్రసంగించినది కాదు.

అయితే రోజువారీ సంగతులలో దేవుని పాఠాలు వెతకడం మానేయాలా? అలా అనను. ఎందుకంటే లేఖనమే మనల్ని అటు పంపుతోంది. దేవుడు యిర్మీయాతో ‘నీవు లేచి కుమ్మరి యింటికి పొమ్ము, అక్కడ నా మాటలు నీకు తెలియజేతును’ అన్నాడు. సోమరిని చీమల దగ్గరికి పంపాడు. అడవిపువ్వులు ఎలా ఎదుగుతున్నాయో ఆలోచించండని ప్రభువు చెప్పినప్పుడు, గ్రీకు మూలంలోని ఆ క్రియకు శ్రద్ధగా పరిశీలించి నేర్చుకోవడం అని అర్థం. ఈ మూడు చోట్లా ఒక పోలిక ఉంది. కుమ్మరి సారె, చీమ, పువ్వు, ఇవి రోజూ జరిగేవి, ఎవరైనా వెళ్లి చూడగలిగేవి, ఎంతసేపైనా నిలబడి చూడనిచ్చేవి. వాటి గురించి చెప్పిన మాట ఎవరి ఇంటి దుఃఖం మీదా కాలు పెట్టదు. మీ నోటుబుక్కులో రెండు రకాల పాఠాలు కలిసిపోయాయని నా అనుమానం: నాకు జరిగిన దానివి కొన్ని, నేను చూసిన దానివి కొన్ని. మొదటి రకానికి కృతజ్ఞతో మొరో చాలు. రెండో రకాన్ని మాత్రం తీరికగా తవ్వుకోవచ్చు.

ప్రభువు ఉపమానాలు అలా తవ్వినవే. ముప్పై ఏళ్లపాటు ఒక చిన్న ఊరిలో బ్రదికినవాడి కళ్లు వాటిలో కనిపిస్తాయి. కంటిలో నలుసు, కంటిలో దూలము అన్న మాట చెక్క పని చేసినవాడి నోటినుంచే అంత సహజంగా వస్తుందని నాకెప్పుడూ అనిపిస్తుంది, రంపపు పొట్టు కంట్లో పడ్డ బాధ, దూలం మోసిన బరువు రెండూ తెలిసినవాడు నవ్వుతూ అన్న మాట అది.

మీరు ఉత్తరంతోపాటు పంపిన కాగితాలలో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ‘ఆదివారం రుబ్బిన ఇడ్లీ పిండి పొంగింది, దేవుడు నా దీవెనలను ఇలా పొంగిస్తాడు’ అని రాశారు. పిండి పొంగింది నిజమే, కానీ మీరు దాన్ని చూడలేదు. చూడకముందే దీవెన అన్న మూత పెట్టేశారు. మళ్లీ వెళ్లి చూడండి. మినప్పప్పు నానబోసి, రుబ్బి, కడిగి పిండిన ఇడ్లీ రవ్వ కలిపి, ఉప్పు వేసి, చేత్తో కలియబెట్టి మూత పెడతారు. ఆ తరువాత మీ చేతిలో ఏమీ లేదు. మే నెలలో తెల్లారేసరికి గిన్నె దాటి గట్టు మీదికి పొర్లుతుంది, డిసెంబరులో మీ అత్తగారు దాన్ని పొయ్యి పక్కన పెట్టి గుడ్డ కప్పినా కదలదు. తొందర పడి మూత తీసి చూస్తూ ఉంటే పని త్వరగా కాదు. పులిసే పని జరుగుతున్నంతసేపూ మీరు నిద్రలో ఉంటారు.

ఇప్పుడు మత్తయి 13వ అధ్యాయం తెరవండి. ‘ఒక స్త్రీ తీసికొని మూడు కుంచముల పిండిలో అదంతయు పులిసి పొంగువరకు దాచిపెట్టిన పుల్లని పిండి’ని పరలోకరాజ్యం పోలియున్నదని ఉంది. ‘కలిపిన’ అనలేదు, ‘దాచిపెట్టిన’ అన్నాడు. మూడు కుంచాలంటే ఒక ఇంటి పూట భోజనం కాదు, నూరుమందికి మించి సరిపోయే రొట్టె. ఒక ఆడమనిషి వంటింట్లో, ఎవరూ చూడకుండా దాచినది అంతమందికి ఆహారమవుతోంది. ఇక మీ సంగతి చూడండి. ఆదివారం రాత్రి మీరు రుబ్బి మూత పెట్టి, సోమవారం తెల్లవారుజామున రైలెక్కుతారు. మంగళవారం మీ అబ్బాయి తినే ఇడ్లీ మీరు ఇంట్లో లేని వేళ మీ చేతి పని. పిల్లవాణ్ని వదిలి వెళ్తున్నానన్న నొప్పి మీ ఉత్తరంలో ఎక్కడా మాటగా లేదు, కానీ ప్రతి పంక్తి కిందా ఉంది. రాజ్యం దాగి పనిచేస్తుందన్న మాట మీకు చెందేది అక్కడే అనుకుంటాను. ‘దీవెనలు పొంగుతాయి’ అన్న వాక్యం ఎవరికైనా అతుకుతుంది కాబట్టి మీకు అతకలేదు.

ఒక జాగ్రత్త. పులిసిన పిండి అంటే ఎప్పుడూ మంచిదే అని పట్టుకోకండి. పరిసయ్యుల పులిసిన పిండిని గూర్చి జాగ్రత్తపడమన్నదీ ఆ ప్రభువే. ఒక వస్తువుకు ఒకే అర్థం రాసిపెట్టి ఉండదు, వాక్యం ఏ వైపునుంచి వెలుగు వేస్తే ఆ వైపు కనిపిస్తుంది. మీ రెండో ప్రశ్నకు సగం జవాబు ఇదే. పిండి మీకు కొత్త సిద్ధాంతం నేర్పదు. వాక్యంలో ముందే ఉన్నదాన్ని మీ చేతికి తగిలేలా చేస్తుంది. వాక్యంలో ఎక్కడా లేని సంగతి రైలు ఆలస్యం వల్ల మీకు తెలిసిందంటే అనుమానించండి. మిగతా సగం మీ సహోద్యోగి ఇప్పటికే నేర్పింది: ఆ పాఠం వల్ల ఎక్కువ బాధ పడగలిగిన మనిషి ఎదురుగా కూర్చుని ఉంటే మీరు దాన్ని చెప్పగలరా? చెప్పలేకపోతే శనివారం కూడికలోనూ చెప్పకండి.

నోటుబుక్కు పారేయకండి, వాడే తీరు మార్చండి. కుడివైపు పేజీలో చూసినది మాత్రం రాయండి: టీ అమ్మే అబ్బాయి చిల్లర లేదంటే ఏం చేశాడు, ఎదుటి సీటులో ముసలాయన మందుల చీటీని ఎన్నిసార్లు మడిచి విప్పాడు. ఎడమవైపు పేజీ ఖాళీగా ఉంచండి. నెల తరువాత తిరగేసి, ఏదైనా వాక్యం దానంతట అది వచ్చి అక్కడ కూర్చుంటే రాయండి, లేకపోతే ఖాళీగానే ఉండనివ్వండి. ఇది నా సొంత తెలివి కాదు, ఎమ్మాయు దారిలో జరిగింది ఇదే. యెరూషలేముకు ఆమడ దూరంలో ఉన్న ఆ ఊరికి నడిచిన ఇద్దరికీ దారి పొడవునా ప్రభువు పక్కనే ఉన్నా తెలియలేదు. రొట్టె విరిచాకే తెలిసింది. ఆ తరువాతే వాళ్లు వెనక్కి చూసి, త్రోవలో మాట్లాడుతున్నప్పుడు ‘మన హృదయము మనలో మండుచుండలేదా’ అనుకున్నారు. నడుస్తున్నప్పుడే పాఠం రాసుకొమ్మని ఎవరైనా వాళ్లకు చెప్పి ఉంటే ‘మేము నిరాశపడిన రోజు’ అని రాసుకునేవారు. కాబట్టి శనివారం అడిగినప్పుడు ‘ఈ వారం ఏమీ లేదండీ’ అనడానికి భయపడకండి. వారానికొక పాఠం చొప్పున దేవుడు బాకీ పడలేదు. అడిగేవారికి ఇది కొంచెం కొత్తగా ఉంటుంది, అలవాటు పడతారు.

ప్రయాణం గురించి ఇంకొక మాట. ఖమ్మం దాటాక అరగంటలోపు మీ రైలు డోర్నకల్ జంక్షన్ మీదుగా వెళ్తుంది. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడైన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1909లో మిషనరీగా అక్కడికి వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో ఆంగ్లికన్ సభలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. ఎడ్లబండి మీద పల్లె పల్లెకూ తిరిగాడు. 1939లో ప్రతిష్ఠ చేసిన అక్కడి కెథడ్రల్‌ను విదేశీ చర్చి నమూనాలో కాక, ఈ దేశపు గుళ్ల, మసీదుల కట్టడపు తీరులు కలిపి కట్టించాడు. తాను తిరిగిన నేలను చూసినవాడు కట్టించినట్టు ఉంటుంది ఆ గుడి. రెండేళ్లుగా వారానికి రెండుసార్లు దాని పక్కనుంచి వెళ్తూ మీరు ఎప్పుడైనా దిగారా? ఒక సెలవు రోజు బాబును తీసుకుని దిగండి. పాఠం వెతకవద్దు, గుడి చూసి రండి.

ఇక రైలులో ప్రార్థన. మీకు కీర్తనల గ్రంథంలో 120 నుంచి 134 వరకు ఉన్న పదిహేనింటిని ఇస్తాను. వాటికి మన బైబిలులో యాత్రకీర్తన అన్న శీర్షిక ఉంటుంది. పండుగలకు యెరూషలేముకు ఎక్కి వెళ్లేవారు పాడుకున్నవని చాలామంది పండితులు చెబుతారు. పదిహేనూ కలిపి 101 వచనాలే, వెళ్లేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి చొప్పున చదివితే రెండు నెలలు వస్తాయి. 121వ కీర్తనలో ‘నీ రాకపోకలయందు యెహోవా నిన్ను కాపాడును’ అని ఉంది. వార్తాపత్రికలో రైళ్ల గురించి చదివే ఆ ‘రాకపోకలు’ అన్న మాట కీర్తనలో కనిపించినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది. కానీ దాన్ని చదివి మళ్లీ సీటు లెక్కలోకి వెళ్లకండి. ఆ కీర్తన పాడిన యాత్రికులే ఇంకొంచెం ముందుకు నడిచి 130వది పాడారు: ‘అగాధస్థలములలోనుండి నేను నీకు మొఱ్ఱపెట్టుచున్నాను.’ రెండూ ఒకే దారిలోని పాటలు, ఒకే మనుషులవి. మీ సహోద్యోగి ఎప్పుడైనా మీతో ప్రార్థన చేయడానికి ఇష్టపడితే 121 కాదు, 130 చదవండి.

నిద్ర గురించి మనసు గుచ్చుకోవడం మాత్రం నాకు నచ్చలేదు. నాలుగింటికి లేచి, ఇల్లు సర్ది, బాబుకు బడి సంచి పెట్టి రైలెక్కే మనిషికి నిద్ర రాకపోతే వింత. ఏలీయా బదరీవృక్షం కింద ప్రాణం విసిగి పడుకున్నప్పుడు దేవుడు అతనికి పాఠమేమీ చెప్పలేదు. దూత లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు, తిని అతడు మళ్లీ పడుకున్నాడు, మళ్లీ లేపి ‘నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమై యున్నది’ అని మళ్లీ తిండే పెట్టాడు. మెల్లని స్వరంతో మాట్లాడింది ఆ తరువాత నలభై రోజులకు, హోరేబు దగ్గర. యాత్రకీర్తనలలోనే 127వది వేకువనే లేచేవారి గురించి మాట్లాడుతూ, ‘తన ప్రియులు నిద్రించుచుండగా ఆయన వారికిచ్చుచున్నాడు’ అంటుంది. ఈ సోమవారం దానితో మొదలుపెట్టండి, ఐదు వచనాలే. మహబూబాబాద్ రాకముందే కళ్లు మూతలు పడితే, జనగామలో లేపమని పక్కావిడకు చెప్పి పడుకోండి.